తాళంచెవి నా దగ్గరే ఉంది

విదేశాల్లోని పల్లెటూళ్ళలో ఆరోగ్య కేంద్రాలూ, పసిపిల్లల్ని పగలంతా చూసుకునే శిశు కేంద్రాలూ కడతామని ఒక విదేశీ సంస్థ వాళ్ళ కాగితాల మీద పైనే అచ్చేసి ఉండేది. ఆ విదేశం ఎక్కడో కాదు. మా బిలాస్‌పూర్‌లో ప్యాసింజరు ఎక్కి, కర్గీ రోడ్ స్టేషన్లో దిగి, ఆటోలో ఇంకాస్త లోపలికి వెళితే వచ్చే ఊరు. పుట్టినప్పటి నుంచి ఇక్కడి రైల్వే కాలనీలో ముక్కు చీదుకుంటూ పెరిగిన నేను, అరవై దాటాక టిఫిన్ డబ్బా పట్టుకుని విదేశం వెళ్ళొచ్చేదాన్ని. నవ్వొస్తుంది కదా? మొదట్లో నాకూ వచ్చేది.

మాది రైల్వే కుటుంబం. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి పట్టాలు పరిచే పనికి ఇక్కడికి వచ్చాడు. నాన్న లోకో షెడ్లో ఫిట్టరు. మా ఆయన గూడ్సు గార్డుగా చేశాడు. నేను రైల్వే ఆసుపత్రిలో నర్సుగా రిటైరయ్యాను. క్వార్టరు ఖాళీ చేశాక లింగియాడీహ్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. మీ ఒంట్లో రక్తం లేదు అత్తయ్యా, రూల్ బుక్కే ఉంది అని మా కోడలు ఎగతాళి చేస్తుంది. అబద్ధమేమీ కాదు. మా ఇళ్ళల్లో అన్నిటికంటే పెద్ద మాట ఒకటుంది, చార్జి. డ్యూటీ దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి వస్తువులన్నీ లిస్టు ప్రకారం చూపించి, ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటేనే చార్జి మారినట్టు. వార్డులో అడుగు పెట్టగానే నేను చేసే మొదటి పని రోగి ముఖం చూడటం కాదు. దుప్పట్లూ థర్మామీటర్లూ సరిచూసి పుస్తకంలో సంతకం పెట్టడం. చార్జి తీసుకోని వస్తువు జోలికి పోకూడదని పెళ్ళికి ముందే మా నాన్న నేర్పాడు, ఉద్యోగం దాన్ని ఎముకల్లోకి దించింది.

ఆ సంస్థ తరఫున ఒక విదేశీ మేడం వచ్చింది. నెరిసిన జుట్టు, నా వయసే ఉంటుంది, నవ్వితే మంచిదానిలాగే ఉంటుంది. ఇంగ్లీషూ ఛత్తీస్‌గఢీ రెండూ వచ్చిన నర్సు కావాలని అడిగితే తెలిసినవాళ్ళు నా పేరు చెప్పారు. ఇంట్లో కూర్చుని టీవీలో అత్తాకోడళ్ళ కొట్లాటలు చూసేకంటే నయమని ఒప్పుకున్నాను. మాఘమాసంలో ఊరు చూడటానికి మొదటిసారి వెళ్ళాం. ఊళ్ళో సగం ఇళ్ళకి తలుపులు మూసి ఉన్నాయి. దీపావళి దాటగానే భూమి లేనివాళ్ళంతా, సర్దారు అనే కూలీల మేస్త్రీ తెచ్చే బండెక్కి, పిల్లాపాపలతో ఇటుక బట్టీల్లో పనికి పై రాష్ట్రాలకి వెళ్ళిపోతారు, మళ్ళీ వానల ముందు తిరిగొస్తారు. అంగన్‌వాడీ ఉంది కానీ వాగు అవతల ఊళ్ళో, అక్కడ పిల్లల్ని రోజంతా ఉంచుకోరు. అందుకే ఇక్కడ కట్టాలి అంది మేడం. పిల్లని పెట్టుకునే చోటుంటే తల్లి వలస వెళ్ళదు, ఊళ్ళోనే పని చూసుకుంటుంది అంది. అక్షరాలా నిజం. ఆవిడ తెలివితక్కువదని నేను ఎప్పుడూ అనను.

అప్పుడు ఊళ్ళో ఉన్న ఒక పిల్లతల్లిని ఆ రోజే చూశాం. ఇరవై రెండేళ్ళుంటాయేమో. పిల్లకి జబ్బు చేసిందని మధ్యలోనే బట్టీ నుంచి తిరిగొచ్చేసిందట. మేం వెళ్ళేసరికి ఆమె ఇంట్లో లేదు, ఎవరి పొలానికో కూలికి పోయింది. ఏడాది దాటిన ఆడపిల్ల పాత చీర పేలికతో మంచం కోడుకి కట్టేసి ఉంది. కళ్ళు కనపడని ముసలమ్మ పక్కన కూర్చుని దాని ఏడుపుని బట్టి అది బతికి ఉందని తెలుసుకుంటోంది. ఆ వైపు ఆడపిల్లల్ని అందరినీ నోనీ అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. తల్లి పరిగెత్తుకుంటూ వచ్చాక, వెంట తెచ్చిన త్రాసుకి వేలాడదీసి తూచాను. ఏడు నెలల పిల్లంత బరువు కూడా లేదు. చేతి చుట్టూ చుట్టే కొలత పట్టీ ఎర్ర గీత దగ్గర ఆగిపోయింది. ఎర్ర గీత అంటే తిండి లేక ప్రాణం మీదికి వచ్చిందని నర్సుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మేడం ఫోటో తీసుకుంది.

ఆ తల్లి మాట్లాడేది ఛత్తీస్‌గఢీ. దాన్ని నేను మా ఇంటి తెలుగులోకి తప్ప ఇంకెలాగా మార్చలేను. "దీదీ, నా నోనీ బతుకుతాదా?" అని సూటిగా అడిగింది.

"రోజుకి రెండుసార్లు మంచి తిండి పడాలి, కనిపెట్టి ఉండే మనిషి కావాలి. అప్పుడు బతుకుతుంది. మళ్ళీ బట్టీకి మాత్రం తీసుకెళ్ళకు. ఈ పిల్ల అక్కడి దుమ్ముకీ నీళ్ళకీ తట్టుకోలేదు," అన్నాను.

"నాకు మాత్రం సరదా ఏటి దీదీ? ఈడ పిల్లని ఒగ్గీడానికి సోటుంటే నానెందుకు ఎల్తాను? మా ఆయన్ని ఒక్కడినీ ఎల్లమంటాను."

సరే, ఇక్కడ గది కడుతున్నాం, తిండీ మందూ అన్నీ ఇక్కడే, దీపావళి లోపల అయిపోతుంది అని చెప్పాను. నేనే చెప్పాను. మేడం చెప్పమంటే కాదు.

మేడం వాళ్ళ దేశం వెళ్ళిపోయినా గది నిజంగానే త్వరగా కట్టారు. పోలా పండగనాటికి, అంటే భాద్రపదం రాకముందే, రంగులు కూడా అయిపోయాయి. గోడ మీద జిరాఫీలు వేశారు. ఆ ఊళ్ళో ఎలుగుబంటిని చూసినవాళ్ళున్నారు గానీ ఈ పొడుగు మెడ జంతువు ఏమిటో ఎవరికీ తెలీదు. సిర్గిట్టిలోని గోడౌన్ నుంచి పరుపులూ, గిన్నెలూ, త్రాసూ, మందుల బీరువా వచ్చాయి. కట్టిన కాంట్రాక్టరు ఒక లిస్టు, తాళంచెవీ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. లిస్టు కింద మేడం సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది. రాయ్‌పూర్‌లో ఉన్న వాళ్ళ ఆఫీసు నుంచి ఒక మెయిల్ వచ్చింది. డిసెంబరులో దాతలతో కలిసి మేడం వస్తారు, అప్పుడు లాంఛనంగా ప్రారంభిస్తాం, అంతవరకు తాళంచెవి జాగ్రత్తగా ఉంచగలరు అని.

జాగ్రత్తగా ఉంచగలరు. ఆ మాట నేనెంత బాగా పాటించానో!

పోలా వెళ్ళిన వారానికి ఆ పిల్లతల్లి నోనీని చంకనేసుకుని గది దగ్గరికి వచ్చింది. కిటికీలోంచి పరుపులు చూసి, "గది అయిపోనాది గదా దీదీ, రేపట్నించి తెచ్చీమంటావా?" అంది.

"ఇంకా లేదమ్మా. మేడం రావాలి, రిబ్బను కత్తిరించాలి."

"రిబ్బను అంటే ఏటి?"

చెప్పాను. విని తలూపింది. పెద్దవాళ్ళ పని, వాళ్ళకేవో పద్ధతులుంటాయి అనుకుని ఉంటుంది. మన పేదవాళ్ళలో ఉన్న గొప్ప జబ్బు అదే, ఎవరేం చెప్పినా కారణం ఉంటుందనుకుంటారు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మా ఆయనతో అన్నాను, ఒక్క పిల్లేగా, పొద్దున తీసి సాయంత్రం వేసేస్తాను, ఏమవుతుంది అని. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఏటే, నీకేటి మతి పోయిందా? లిస్టు మీద సంతకం నేదు, చార్జి తీసుకోనేదు, తాళం తీసేస్తావేటి? రేపు ఆ గుంట జారి పడిందనుకో, ఎవుల మెడకి సుట్టుకుంటాది? నీ మెడకే. ముప్పయ్యేళ్ళు ఒక్క మాట పడకుండా దిగినావు. ఇప్పుడు అవసరమేటి?"

నేను ఎదురు చెప్పలేదు. ఇది బాగా గుర్తుపెట్టుకుని రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత చాలా నెలలు ఆయన్నే తిట్టుకున్నాను. ఆయన చెప్పింది నా మనసులో ముందునుంచీ ఉన్నదే. వేరేవాళ్ళ నోటి నుంచి వింటే ధైర్యంగా ఉంటుందని అడిగానంతే. మర్నాడు పద్ధతి ప్రకారం రాయ్‌పూర్ ఆఫీసుకి మెయిల్ పంపించాను. ప్రారంభోత్సవానికి ముందే కేంద్రం తెరుచుటకు అనుమతి కోరుతూ, అని. జవాబు లేదు. పదిహేను రోజులాగి రిమైండరు. దసరా వెళ్ళాక రెండో రిమైండరు. ఫోన్ చేసి గట్టిగా అడిగానా? లేదు. కాగితం పైకి వెళ్ళింది, కాగితం కిందికి రావాలి. అంతవరకూ నా బాధ్యత లేదు. ఇదీ నా లెక్క. ఛీ, ఎంత హాయిగా ఉంటుందో ఈ లెక్క, తలగడలాగా.

నవరాత్రుల్లో ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి నోనీ ఏడవటం లేదు. ఎర్ర గీత దాకా వెళ్ళిన పిల్లల్లో భయపడాల్సింది ఏడవనివాళ్ళ గురించే. నాకు తెలుసు. వందమందికి పాఠం చెప్పి ఉంటాను, ఏడ్చే బిడ్డకంటే ఏడవని బిడ్డని ముందు చూడండి అని. అంతా తెలిసి అరటిపండ్లూ, బిస్కెట్ల పొట్లమూ చేతిలో పెట్టి పంపించాను. వారానికి రెండుసార్లు వెళ్ళి ఆ గది తుడిపించి, కిటికీలు తీసి, పరుపులకి గాలి పెట్టి, మళ్ళీ తాళం వేసి వచ్చేదాన్ని. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటారే, ఆ అమ్మని నేనే.

దీపావళి అయిన మర్నాడు మూడోసారి వచ్చింది. ఒక్కతే వచ్చింది, ఇంట్లో మూటలు కడుతున్నారట.

"ఎల్లుండి సర్దారు బండి వచ్చేస్తాది దీదీ. మా ఆయన ఒక్కడూ ఎల్నంటున్నాడు, ఇద్దరి చేతులు కావాలంట. గది తెరిసీస్తే నాను ఉండిపోతాను, ఆయనతోటి దెబ్బలాడైనా ఉండిపోతాను. రేపు తెరుస్తావా?"

ఇంత తేటగా ఎవరైనా అడుగుతారా? తాళంచెవి నా పర్సులో ఉంది. పర్సు నా ఒళ్ళో ఉంది. "రెండు నెలలే కదమ్మా, డిసెంబరులో తెరుస్తారు" అన్నాను. ఆమె నా ముఖం కాసేపు చూసి, "అచ్ఛా" అంది. అంతే, వెళ్ళిపోయింది. నేను మర్నాడు ఒక సంచీలో దగ్గు మందూ, జ్వరం మందూ, విరేచనాలైతే నీళ్ళలో కలిపి తాగించే పొడి పొట్లాలూ, వేయించిన శనగపిండీ పెట్టి, ఏది ఎప్పుడు ఎంత ఇవ్వాలో హిందీలో నీటుగా రాసి, వెళ్ళి ఇచ్చాను. ఆమెకి చదువు రాదు. ఆ సంగతీ నాకు తెలుసు.

డిసెంబరు రెండో వారంలో రాయ్‌పూర్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మూడు మెయిళ్ళకి నోరు విప్పని ఆఫీసుకి అప్పుడు గొంతు లేచింది. దాతలు వస్తున్నారు, కేంద్రంలో పదిహేనుమంది పిల్లలైనా కనిపించాలి సిస్టరుగారూ, అని. ఎక్కడినుంచి తేను? వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళిపోయారు. ఉన్నది భూములున్న నాలుగిళ్ళవాళ్ళు, వాళ్ళు కూలివాళ్ళ పిల్లల గదికి తమ పిల్లల్ని పంపరు. ఏదో ఒకటి చెయ్యండి అన్నాడు ఆఫీసాయన. నేను చేశాను. చెప్పిన పని చెయ్యడంలో నన్ను మించినవాళ్ళు లేరు కదా.

కాలనీలో తెలిసిన తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి పిల్లల్ని పోగేశాను. విదేశీయులు వస్తున్నారంటే తల్లులు ఎగిరి గంతేశారు. జరీ గౌన్లు వద్దు, పాతవి వెయ్యండి, పౌడరు రాయకండి, బూట్లు వద్దు అని ఒక్కొక్కరికీ చెప్పాను. మా మనవరాలికి మూడేళ్ళు. టెంపో ఎక్కేముందు దాని బూట్లు నేనే విప్పాను. "నానమ్మా, మేరే జూతే క్యోఁ నికాల్ రహీ హో?" అని అడిగింది. బూట్లు ఎందుకు తీస్తున్నావని దాని బాధ. పిక్నిక్కులో బూట్లు వేసుకోరమ్మా అన్నాను. అది నమ్మింది.

రిబ్బను కత్తిరించారు. దాతలు చప్పట్లు కొట్టారు. పిల్లలు జిరాఫీల కింద వరసగా కూర్చుని గిన్నెల్లో పాయసం తిన్నారు. మేడం వాళ్ళ బుగ్గలు చూసి మురిసిపోయి, నన్ను పక్కకి పిలిచింది.

"ఇన్నాళ్ళూ రోజుకి ఎంతమంది వచ్చేవారు?"

"ఇవాళే మొదలు మేడం. మీరొచ్చి ప్రారంభించాలని ఆగాం."

ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఆవిడ ముఖంలో నవ్వు మెల్లిగా పోయింది. "కానీ తాళంచెవి మీ దగ్గరే ఉంది కదా? ఆగస్టు నుంచి ఉంది కదా? ఈ ప్రారంభోత్సవం దాతల కోసం. పిల్లల కోసం కాదు. తెరవొద్దని నేనెప్పుడన్నాను?"

ఆఫీసు మెయిల్ సంగతి చెప్పాను, నేను పంపిన మూడు మెయిళ్ళ సంగతి చెప్పాను, చార్జి లిస్టు సంచీలోంచి తీసి చూపించాను. సంతకం పెట్టాల్సిన ఖాళీని వేలు పెట్టి మరీ చూపించాను. ఆవిడ కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, నా భుజం తట్టి, పర్వాలేదు అంది. ఒళ్ళు మండిపోయింది నాకు. పర్వాలేదట! ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, పిల్లలు వస్తున్నారా అని ఫోన్ చేసి అడిగిందా ఈవిడ? గోడమీద జిరాఫీ మెడ ఎంత పొడుగుండాలో మాత్రం మూడుసార్లు మెయిల్ రాసింది. అలా అనుకుని కాసేపు కోపంతో హాయిగానే ఉన్నాను. కానీ ఎంత మండిపడినా ఆవిడ అడిగిన ప్రశ్న అక్కడే నిలబడి ఉంది. వద్దని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. ప్రపంచంలో ఇంకే మనిషికైనా తాళంచెవి ఇచ్చి గది చూపిస్తే తెరిచేస్తాడు. రైల్వే మనిషి మాత్రం సంతకం కోసం కూర్చుంటాడు.

ఈ పిల్లలు బిలాస్‌పూర్ నుంచి తెచ్చినవాళ్ళని మాత్రం చెప్పలేదు. ఆఫీసాయన దూరం నుంచి కళ్ళతో వద్దన్నాడు. అతను సైగ చెయ్యకపోయినా చెప్పి ఉండేదాన్ని కాదు.

హోళీ ముందు సంస్థవాళ్ళ కరపత్రం ఫోన్లో వచ్చింది. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఒసే ఇటురా, మన గుంట ఎంత ముద్దుగా పడిందో సూడు!" అని కేకేశాడు. చూశాను. ఎడమవైపు నోనీ, నేను త్రాసుకి వేలాడదీసినప్పటి ఫోటో. కుడివైపు మా మనవరాలు, మూతికి పాయసంతో. ఎడమవైపు దాని కింద కేంద్రం రాకముందు అనీ, కుడివైపు దాని కింద కేంద్రం వచ్చిన తర్వాత అనీ రాసి ఉంది. చూడగానే ఒకే పిల్ల అనుకునేలా పెట్టారు. ఫోన్ ఆయన చేతిలోంచి లాక్కున్నాను. "సిగ్గు లేదూ నీకు?" అన్నాను. ఆయన తెల్లబోయాడు. పాపం, ఆయనకేం తెలుసు? మేడంకైనా ఏం తెలుసు? ఆ పిల్లలు ఊరిపిల్లలేనని నమ్మించింది నేనే. ఇది తప్పని రాయాలంటే ముందు నా అబద్ధం రాయాలి. రాయలేదు.

కేంద్రం నడుస్తూనే ఉంది. మహువా పువ్వు, అదే ఇప్పపువ్వు, ఏరుకోవడానికి పొద్దున్నే వెళ్ళే ఆడవాళ్ళు కొందరు పిల్లల్ని వదిలేవాళ్ళు. ఇప్పుడు నేను ఎవరి అనుమతీ అడగటం లేదు. ఎనిమిదింటికి తీసే తాళం ఏడింటికే తీస్తున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు బాగా వచ్చింది.

జ్యేష్ఠమాసం చివర బట్టీలకి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. రెండో రోజు పొద్దున పిల్లలకి గంజి పోస్తుంటే ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నల్లగా, ఎముకలు తేలి. చంకలో పిల్ల ఉంది. నోనీ బతికే ఉంది అనుకుని గరిటె వదిలేశాను. దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్ల నోనీ కాదు.

"ఇది మా సెల్లెలి కూతురు దీదీ," అంది.

"నోనీ ఏదే?"

"అక్కడే ఉంచీసినాం. మాఘంలో. రెండు దినాలు వాంతులు, ఇరేచనాలు. మూడో దినం నేదు. నువ్విచ్చిన పొడి తాగించినాను దీదీ, ఆ కాగితం బట్టీలో లెక్కలు రాసే మునీమ్ చేత సదివించుకుని తాగించినాను. ముందే జబ్బు సేసినప్పుడు సగం అయిపోనాది, అప్పటికి రెండు పొట్లాలే మిగిలినాయి. బట్టీ ఎనకాల ఏరు ఉంది, ఆ ఒడ్డున పెట్టినాం."

తన తప్పు కాదన్నట్టు ఆమె నాకు సంజాయిషీ చెప్పుకుంటోంది! నేను రాసిచ్చినదంతా సరిగ్గా చేశానని నాకు అప్పచెబుతోంది. ఆ క్షణం ఆమె నన్ను జుట్టు పట్టుకుని ఈడ్చి కొట్టి ఉంటే బాగుండేదని నిజంగా అనిపించింది. దుమ్మెత్తి పోయలేదు, శాపం పెట్టలేదు. నేను ఏడుస్తుంటే, ఊరుకో దీదీ, నీ సేతిలో ఏటుంది అంది. నా చేతిలో ఏముందో ఆమెకి చెప్పే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పటికీ లేదు.

కొత్త పిల్లని తూచాను. ఆ పట్టీ చుట్టాను. ఎర్ర గీతకి కాస్త ఇవతలే ఉంది. రిజిస్టరులో పేరు రాసుకున్నాను. ఆమె లోపలికి తొంగి చూసి, పరుపుల మీద పడుకున్న పిల్లల్ని, గోడని, పొయ్యి మీద గంజిని చూసింది. కొంగుతో పిల్ల ముక్కు తుడిచి, వెళ్ళబోతూ ఆగింది.

"రేపట్నించి తెచ్చీమంటావా దీదీ, ఇంకా ఏదైనా ఫంక్షను ఉందా?"

ఎత్తిపొడుపేమోనని తలెత్తి చూశాను. కాదు. తెలుసుకుందామనే అడిగింది.